జీఆర్ఈ పదాలన్నీ వచ్చు, మీటింగులో మాట రాదు

"అక్కా, జీఆర్ఈకి వేల పదాలు బట్టీ పట్టాను. ఇక్కడికొచ్చాక మీటింగులో నోరు పెగలడం లేదు. అడ్వాన్స్‌డ్ వొకాబులరీకి ఏ పుస్తకం కొనాలి?" కొత్తగా దిగిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇది అడుగుతారు. డల్లాస్ అయినా న్యూజెర్సీ అయినా ప్రశ్న మారదు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తాను.

ముందు ఆ జీఆర్ఈ జాబితాల సంగతి తేల్చేద్దాం, అదే, ఇక్కడ పీజీ సీటు కోసం రాసే పరీక్షకి బట్టీ పట్టేవి. అమీర్‌పేటలో చేతులు మారుతూ వచ్చిన జిరాక్స్ పట్టికలు పాత పరీక్షకి తగ్గట్టు తయారైనవి. పదమిచ్చి వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నల్ని 2011 ఆగస్టులోనే జీఆర్ఈలోంచి తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి అక్కడ ఏ మాట అతుకుతుందో చెప్పమంటారు, లేదా పేరా ఇచ్చి చదివి జవాబు రాయమంటారు. విడి పదం తెలిస్తే లాభం లేదని పరీక్ష పెట్టేవాళ్ళే ఒప్పుకుని ఇన్నేళ్ళయింది, మనం ఇంకా 'అబేట్ అంటే తగ్గు' అని వల్లె వేస్తున్నాం. నీకు 'లొక్వేషస్' తెలుసు, 'గారులస్' తెలుసు. నీ పక్క సీటతను వాగుడుకాయని 'చాటీ' అని ఊరుకుంటాడు.

నన్నడిగితే, తెలుగులో నువ్వు చూపించగలిగే తేడాలన్నీ ఇంగ్లీషులోనూ చూపించగలిగితే నీది పెద్ద ఇంగ్లీషు. అది లేదని బాగా తెలిసొచ్చేది డాక్టరు గదిలో.

మనకి నొప్పులెన్ని! పన్ను సలుపుతుంది, కడుపులో మెలిపెడుతుంది, పక్కలో పోటు వస్తుంది, నడుము పట్టేస్తుంది, పిక్కలు పీకుతాయి, మోచెయ్యి తగిలితే జివ్వుమంటుంది. ఇన్ని మాటలున్న మనిషి ఇక్కడ అర్జంట్ కేర్‌లో కూర్చుని "పెయినింగ్ డాక్టర్, వెరీ మచ్ పెయినింగ్" అంటాడు. "వాట్ కైండ్ ఆఫ్ పెయిన్?" అని ఆవిడ మళ్ళీ అడుగుతుంది. అది మర్యాదకి అడిగేది కాదు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో రోనల్డ్ మెల్జాక్ అనే సైకాలజిస్టు, రోగులు నొప్పిని చెప్పుకునే మాటల్ని పోగుచేసి 1975లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. అందులో 78 మాటలు, 20 గుంపులు. ఏ మాట ఎంచుకున్నారన్నదాన్ని బట్టి నొప్పి తీరు అంచనా వేస్తారు.

సలుపుకి 'త్రాబింగ్' అను. మెలిపెడితే 'క్రాంపింగ్'. పోటుకి 'స్టాబింగ్'. నడుములోంచి కాల్లోకి సర్రున దిగితే 'షూటింగ్'. సన్నగా, వదలకుండా పీకుతుంటే 'డల్ ఏక్'. వచ్చి పోతుంటే 'ఇట్ కమ్స్ అండ్ గోస్' అంటే చాలు, 'ఇంటర్మిటెంట్' దాకా పోనక్కర్లేదు. ఛాతీ మీద బండ పెట్టినట్టుంటే 'ప్రెషర్' లేదా 'టైట్‌నెస్'. ఆ మాట వింటే ముందు గుండె సంగతి చూస్తారు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ఇవి మరీ అవసరం. నాన్న "గుండెల్లో పట్టేసినట్టుంది, ఎడం చెయ్యి లాగుతోంది రా" అన్నప్పుడు, పక్కనున్న నువ్వు "హి హాజ్ పెయిన్" అని తేల్చేస్తే ఆయన చెప్పినదాంట్లో అసలు ముక్క దారిలోనే పోయినట్టు.

ఆఫీసులో ఇబ్బంది ఇంకో రకం. అక్కడ మాటలు చిన్నవి. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా, 'కాల్ ఆఫ్' అంటే రద్దు, 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం, 'పుష్ బ్యాక్' అంటే ఒప్పుకోకుండా ఎదురు చెప్పడం. విడివిడిగా ఒకటో తరగతి మాటలే, కలిస్తే చిక్కు. మన బళ్ళో 'పోస్ట్‌పోన్', 'టాలరేట్' నేర్పి వీటిని వదిలేశారు. మన మెయిళ్ళు కోర్టు కాగితాల్లా ఉండటానికి సగం కారణం అదే.

మెత్తటి మాటలు ఇంకా కష్టం. నువ్వు రాసిన ప్రోగ్రాంని ఇంకొకరు చూసే కోడ్ రివ్యూలో సీనియరు "ఐ వండర్ ఇఫ్ వీ కుడ్ సింప్లిఫై దిస్ ఎ బిట్" అని రాస్తాడు. కొత్తవాళ్ళు 'ఏదో ఆలోచిస్తున్నాడులే' అని వదిలేస్తారు. ఆయన మార్చమని చెప్పాడు. "యూ మైట్ వాంట్ టు చెక్ విత్ లీగల్" అంటే కనుక్కోకుండా ముందుకెళ్ళకు అని. "ఐ హావ్ సమ్ కన్సర్న్స్" అంటే ఇలా అయితే నేను ఒప్పుకోను అని. పెళ్ళిచూపులయ్యాక అబ్బాయివాళ్ళు "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అంటే ఏమిటో మనకెవరూ పాఠం చెప్పలేదు, ఇదీ అలాగే వింటూ వింటూ పట్టుకోవాలి. విన్నాక వాడాలి కూడా. మీటింగులో 'నో, దిస్ ఈజ్ రాంగ్' అనడానికీ 'ఐయామ్ నాట్ షూర్ దట్ వుడ్ వర్క్, బికాజ్...' అనడానికీ విషయం ఒక్కటే. రెండోది అన్నప్పుడు మాత్రం ఎదుటివాళ్ళు 'బికాజ్' తర్వాతి ముక్క కూడా వింటారు.

బ్రిటన్ వెళ్ళినవాళ్ళకి అదనంగా ఓ మెలిక. 'టేబుల్' చేద్దామంటే అమెరికాలో పక్కన పెట్టడం, లండన్‌లో చర్చకి తేవడం. 'క్వైట్ గుడ్' అని అమెరికా మేనేజరు అంటే మెచ్చుకున్నట్టు, ఇంగ్లండులో చాలాసార్లు 'పర్లేదు' అన్నట్టు.

మనం వెంట తెచ్చుకున్న ఇంగ్లీషు కూడా ఉంది. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మన దగ్గర అడగాల్సినదేదో ఉందని. ఇక్కడి ప్రొఫెసరుకి మీరు చెప్పింది నమ్మకంగా లేదన్నట్టు వినిపిస్తుంది, 'క్వశ్చన్' అను. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయావని. జవాబివ్వమని 'ప్లీజ్ రివర్ట్' అని రాస్తే సాఫ్ట్‌వేర్ టీములో మరీ ప్రమాదం, చేసిన మార్పు మొత్తం వెనక్కి తీసేసినా తీసేస్తారు. 'ప్రీపోన్' మాత్రం నాకు ముద్దొచ్చే మాట. అది వాళ్ళకి లేకపోవడం వాళ్ళ లోటే, అయినా 'మూవ్ అప్' అనక తప్పదు. వీటిని తప్పులనుకుని సిగ్గుపడకు. హైదరాబాద్ టీముతో కాల్‌లో హాయిగా వాడుకో.

ఇక నేర్చుకునే పద్ధతి. పదం పక్కన తెలుగు అర్థం రాసుకోవడం మానెయ్. అది కనిపించిన వాక్యం మొత్తం రాసుకో, ఎందుకంటే ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో తెలియాలి. వాన 'హెవీ', గాలి 'స్ట్రాంగ్', ట్రాఫిక్ 'హెవీ', కాఫీ 'స్ట్రాంగ్'. డెసిషన్‌కి 'మేక్', రిస్కుకి 'టేక్', అటెన్షన్‌కి 'పే'. కారణాలు వెతక్కు. చీకటి చిక్కగా ఉంటుంది, పొగ దట్టంగా ఉంటుంది, ఎందుకంటే నువ్వూ చెప్పలేవు. పరాయి భాషవాళ్ళ కోసం చేసిన లర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. వాటిలో లాంగ్‌మన్ అయితే దాదాపు 2,000 తేలిక మాటలతోనే అర్థాలు వివరిస్తుంది. కింద ఉండే ఉదాహరణ వాక్యాలు అర్థంకన్నా విలువైనవి.

జాబితాలంటే నాకు పడకపోయినా, చదువుకోడానికి వచ్చినవాళ్ళకి ఒకటి మాత్రం చెబుతాను. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా యూనివర్సిటీకి చెందిన ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్. 570 పద కుటుంబాలే (ఒక మాటా, దాంట్లోంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం), కానీ అకడమిక్ రాతల్లో పది మాటల్లో దాదాపు ఒకటి వీటిలోదే. 'అజ్యూమ్', 'డిరైవ్', 'ఇంప్లై', 'ఇన్ఫర్' లాంటివి. చూడగానే తెలిసినవే అనిపిస్తాయి. మరి 'ఇంప్లై'కీ 'ఇన్ఫర్'కీ తేడా చెప్పమను, తడుముకుంటారు. పైకి అనకుండా సూచించేవాడు ఇంప్లై చేస్తాడు, దాన్ని గ్రహించేవాడు ఇన్ఫర్ చేస్తాడు. థీసిస్‌లో గైడు ఎర్రగీత పెట్టేది ఇలాంటి చోటే.

మర్చిపోవడం సహజం. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టి తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చినది మొదట్లోనే ఎక్కువ జారిపోతుందని 1885లోనే రాసిపెట్టాడు. అందుకే ఎడం పెంచుకుంటూ తిరగేయాలి. ఆ లెక్క 'ఆంకీ' అనే ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రాం చూసుకుంటుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. ఎవరో చేసిపెట్టిన కార్డులు దించుకోకు. నీ మెయిళ్ళలోంచి, నువ్వు చదివే పేపర్లలోంచి వాక్యాలు తీసి, ఒక మాట చోట ఖాళీ పెట్టి నువ్వే చేసుకో.

లాటిన్, గ్రీకు ధాతువులు నేర్చుకోవాలా అని కొందరు అడుగుతారు. స్పెల్లింగ్ బీ అనే స్పెల్లింగుల పోటీలో మన పిల్లల్ని చూసి వచ్చే ప్రశ్న ఇది. 2024లో గెలిచిన బృహత్ సోమ తెలుగు ఇంటి పిల్లాడే. ఆ పిల్లలు స్టేజీ మీద ఈ మాట ఏ భాషలోంచి వచ్చిందని అడిగి స్పెల్లింగ్ ఊహిస్తారు. అది పోటీ విద్య, ముచ్చటైనది. నీకు ఉద్యోగం నిలబెట్టుకోవాల్సిన పని ఉంది, తీరిక దొరికినప్పుడు చూద్దువులే.

రూమ్మేట్లందరూ తెలుగువాళ్ళే అవడం వల్ల ఇంగ్లీషు రావడం లేదనే మాట నేనొప్పుకోను. ఇంట్లో తెలుగే మాట్లాడుకోండి. బయట ఇంగ్లీషు మాట్లాడే చోటు మాత్రం వెతుక్కో. చాలా ఊళ్ళలో పబ్లిక్ లైబ్రరీ కార్డు ఆ ఊళ్ళో ఉన్నట్టు లీజు కాగితం చూపిస్తే ఉచితంగా ఇస్తారు. లిబ్బీ యాప్‌లో ఆడియో పుస్తకాలూ దాంతోనే వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కబుర్ల తరగతులు నడిపే లైబ్రరీలు కూడా బోలెడు, కౌంటర్‌లో అడుగు.

కాస్త ధైర్యం వచ్చాక, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్‌కి వెళ్ళు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలైన క్లబ్బు ఇప్పుడు ఊరూరా ఉంది, పెద్ద కంపెనీల్లో లోపలే ఉంటుంది. ప్రతి మీటింగులో గ్రామేరియన్ అని ఒకరు కూర్చుంటారు. ఆ రోజుకి ఒక కొత్త మాట ఇచ్చి, ఎవరెవరు వాడారో, ఎవరి వాక్యం బాగుందో చివర్లో చెబుతారు. 'అ... ఉమ్...' అని నసిగినవి లెక్కపెట్టడానికి ఇంకో మనిషి. మొదట గెస్టుగా వెళ్ళి వెనక కూర్చుని వినొచ్చు, డబ్బు అడగరు. నిన్నూ రెండు మాటలు మాట్లాడమంటే, ఇష్టం లేకపోతే "ఐ విల్ పాస్ టుడే" అను, ఎవరూ ఏమీ అనుకోరు.