జర్మనీలో కమర్షియల్ ఫోటోగ్రఫీ, పిల్లల పుస్తకాల బొమ్మలు: రెండూ కలిపి వృత్తిగా నడుస్తాయా?

నడుస్తాయి. కాకపోతే ఇంటి అద్దె కట్టేవి ఎక్కువగా ఫోటోలే. బొమ్మల పుస్తకం ధర 15 యూరోలనుకోండి. 7 శాతం వ్యాట్ పోతే 14.02. రాయల్టీ సాధారణంగా 10 శాతం ప్రాంతంలో ఉంటుంది, రచయితా చిత్రకారులూ సగం సగం పంచుకుంటారు. అంటే మీ వాటా కాపీకి 70 సెంట్లు. 3,000 కాపీలు పోతే 2,100 యూరోలు. అడ్వాన్స్ కూడా ఇందులోనే మినహాయిస్తారు. పుస్తకం అమ్ముడుపోకపోయినా అడ్వాన్స్ తిరిగి ఇవ్వక్కర్లేదని కాంట్రాక్టులో తప్పక రాయించుకోండి.

ఫోటోలకు షూటింగ్ రోజు రేటు వేరు, వాడకం ధర వేరు. జర్మన్ చట్టం ప్రకారం కాపీరైట్ అమ్మడం కుదరదు, వాడుకునే హక్కులే ఇవ్వగలం. ఏ మాధ్యమం, ఏ దేశాలు, ఎన్నేళ్లు అన్నది కొటేషన్‌లోనే ఉండాలి. లేకపోతే వెబ్‌సైట్‌కి తీసిన ఫోటో ఎప్పుడో హోర్డింగ్ మీద కనిపిస్తుంది, డబ్బు అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

ఎక్కువమంది తడబడేది పన్ను దగ్గర. పుస్తకాల బొమ్మలు పన్ను ఆఫీసు దృష్టిలో కళ. ప్రకటనల ఫోటోలను మాత్రం చాలాసార్లు వ్యాపారంగా, అంటే గెవెర్బెగా చూస్తుంది. ఆ లాభం ఏడాదికి 24,500 యూరోలు దాటితే వ్యాపార పన్నూ పడుతుంది. అందుకే రెండు పనుల ఇన్‌వాయిస్‌లు, ఖర్చులు మొదటి రోజు నుంచే విడిగా పెట్టండి. విచిత్రంగా, కళాకారుల సామాజిక బీమా సంస్థ కేఎస్‌కే అదే ప్రకటనల ఫోటోగ్రాఫర్‌ని కళాకారుడిగానే చేర్చుకుంటుంది. కళ ద్వారా వచ్చే ఆదాయం ఏడాదికి 3,900 యూరోలు దాటాలి, కొత్తవాళ్లకు మొదటి మూడేళ్లు ఆ షరతు లేదు. ఆరోగ్య బీమా, పెన్షన్ చందాల్లో సగమే మీరు కట్టాలి. ఇంత మేలు చేసే ఏర్పాటు ఫ్రీలాన్సర్లకు మరొకటి లేదు, దరఖాస్తు వాయిదా వేయకండి. గ్రంథాలయాల అరువు, జిరాక్స్‌ల మీద వచ్చే వాటా కోసం ఆ డబ్బు వసూలు చేసి కళాకారులకు పంచే, బాన్‌లోని ఫావ్‌గే బిల్ట్‌కున్స్ట్ అనే సంస్థలో కూడా చేరండి. మనవాళ్లలో స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు మాత్రం మొదటి ఇన్‌వాయిస్‌కి ముందే విదేశీయుల ఆఫీసు అనుమతి తీసుకోవాలి.

రెండు పనులూ వచ్చినవాళ్లకు అసలైన లాభం తాము గీసిన అసలు బొమ్మలను తామే ఫోటో తీసుకోవడంలో ఉంది. వాటర్‌కలర్‌లోని లేత పూతలు మామూలు స్కానర్‌లో ఎగిరిపోతాయి. బొమ్మకు రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో సమాన దూరంలో లైట్లు, 100 ఎంఎం మాక్రో లెన్స్, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8, రంగులు సరిచూసుకోవడానికి మొదటి ఫ్రేములో కలర్ చార్ట్. ముందు తెల్ల కాగితాన్ని తీసి, నాలుగు మూలల్లో వెలుగు సమానంగా ఉందో లేదో చూడాలి. గువాష్ (చిక్కటి నీటి రంగు), అక్రిలిక్ మెరుస్తుంటే లైట్లకు ఒకే దిశలో పోలరైజింగ్ షీట్లు కట్టి, మెరుపు పోయేదాకా లెన్స్ మీది పోలరైజింగ్ ఫిల్టర్ తిప్పాలి. నియాన్ గులాబీ లాంటివి నాలుగు రంగుల ముద్రణలో ఎలాగూ చప్పబడతాయి, ప్రింట్ ప్రూఫ్ చూడకుండా ఒప్పుకోకండి. చుట్టూ 3 ఎంఎం బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలండి, పాత్రల ముఖాలు పేజీల మడత మీదకు రానివ్వకండి.