వార్డు హడావిడిలో నర్సింగ్ ఎథిక్స్‌కి చోటెక్కడ?

"అటానమీ (తన గురించి తానే నిర్ణయించుకునే పేషెంట్ హక్కు), బెనిఫిసెన్స్ (పేషెంట్‌కి మేలు చేయడం) అని పరీక్షకి బట్టీ పట్టాం. నైట్‌లో 30 మంది పేషెంట్లుంటే అవన్నీ గుర్తుంటాయా?" అని ఒక నర్సు నన్ను అడిగారు. పద్నాలుగేళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. నాకు ఆ పాఠం అర్థమైంది బీపీ, టెంపరేచర్ లాంటివి రాసే వైటల్స్ చార్టులో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక గడి దగ్గర.

అది రెస్పిరేషన్ గడి, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసేది. బీపీ, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) మిషన్ చెప్పేస్తుంది. ఊపిరి మాత్రం మనమే నిమిషం పాటు నిలబడి ఛాతీ చూస్తూ లెక్కపెట్టాలి. (లెక్కపెడుతున్నామని తెలిస్తే పేషెంట్ ఊపిరి మారిపోతుంది, అందుకే నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని లెక్కపెడతాం.) రాత్రి డ్యూటీలో ఆ నిమిషం దొరకదు. చాలా చార్టుల్లో వరుసగా అందరికీ 20, 20, 20 కనిపించేది అందుకే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నేనూ అలాగే రాశాను. న్యుమోనియాతో చేరిన ఒక పెద్దాయన, రాత్రి రెండింటికి నిద్రపోతున్నట్టే ఉన్నారు. బీపీ, టెంపరేచర్ చూసి, రెస్పిరేషన్ దగ్గర 20 వేసి పక్క మంచానికి వెళ్లిపోయాను. నాలుగింటికి డ్రిప్ మార్చడానికి వస్తే ముక్కుపుటాలు అదురుతున్నాయి, ఊపిరి తీసినప్పుడల్లా మెడ కండరాలు బిగుసుకుంటున్నాయి. ఈసారి లెక్కపెట్టాను. 34. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు, 25కి చేరిందంటే ఇక ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని పిలవాలి.

డ్యూటీ డాక్టర్ చార్ట్ చూసి, "రెండింటికి 20 ఉంది. రెండు గంటల్లో ఇంత పెరిగిందా?" అన్నారు. తలూపి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆయన అప్పటికే ఆ 20ని పట్టుకుని ఆలోచిస్తున్నారు. హఠాత్తుగా పెరిగితే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందేమో చూడాలి. సాయంత్రం నుంచి పెరుగుతూ వస్తుంటే న్యుమోనియానే ముదురుతోందేమో. "సార్, రెండింటికి నేను లెక్కపెట్టలేదు. ఊరికే రాశాను" అన్నాను. గొంతు సరిగ్గా పెగల్లేదు. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "మరి సాయంత్రం 24 ఉంది, దాన్ని నమ్మొచ్చా?" అని అడిగారు. సాయంత్రం డ్యూటీలో ఉన్న సిస్టర్ ఎప్పుడూ లెక్కపెట్టే రాస్తారు, నమ్మొచ్చన్నాను. తోటి నర్సు నిజాయితీ మీద ఆధారపడి ఆయన నిర్ణయం తీసుకున్నారు. పెద్దాయన్ని ఐసీయూకి మార్చారు, కోలుకున్నారు.

నా 20ని చెరపలేదు. దాని మీద ఒక్క గీత గీసి, కొలవలేదని రాసి, టైమ్ వేసి సంతకం పెట్టాను. ఇన్‌సిడెంట్ రిపోర్ట్ కూడా రాశాను. ఇన్‌చార్జ్ సిస్టర్ నన్ను మందలించారు, ఆ రాత్రి ఒక్కదాన్నే ఎంతమందిని చూశానో కూడా రిపోర్టులో రాయించారు. అది నాకు చాలా నచ్చింది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో మొదటిసారి ఆమోదించిన నియమావళి, 2021 సవరణలో కూడా, నైతికంగా పనిచేసే బాధ్యత ప్రతి నర్సుకీ స్వయంగా ఉంటుందంటుంది. పనిచేసే చోటు సవ్యంగా ఉండేలా చూడటంలోనూ నర్సులకి పాత్ర ఉందంటుంది. తప్పు ఒప్పుకుంటూనే మనుషులు చాలట్లేదని గట్టిగా చెప్పొచ్చు.

అప్పటినుంచి లెక్కపెట్టలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేసి, హ్యాండోవర్‌లో, అంటే తర్వాతి నర్సుకి డ్యూటీ అప్పగించేటప్పుడు, ఆ మాట చెప్తాను. ఖాళీ గడిని చూస్తే తర్వాత వచ్చినవాళ్లు కనీసం లెక్కపెడతారు.

అటానమీ కూడా నాకు ఇలాగే అర్థమైంది. క్యాన్సర్ ఉన్న ఒక పెద్దావిడకి జబ్బు పేరు చెప్పొద్దని పిల్లలు మమ్మల్ని బతిమాలారు, ప్రేమతోనే. ఒక రాత్రి ఆవిడ, "సిస్టరమ్మా, నాకేం జబ్బు?" అని అడిగారు. జబ్బు పేరు బయటపెట్టాల్సింది నేను కాదు. అలాగని "ఏం లేదు, తగ్గిపోతుంది" అంటే అది కూడా కొలవకుండా వేసిన 20 లాంటిదే. "మీకు వివరంగా తెలుసుకోవాలని ఉందా?" అన్నాను. "జబ్బు నాదే కదమ్మా" అన్నారు. పొద్దున్నే ఆ మాటని ఉన్నదున్నట్టు డాక్టర్‌కి చెప్పాను. పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆయనే ఆవిడకి అంతా వివరించారు. పిల్లలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం మందు మొదలుపెట్టేలోపు ఒకసారి ఇంటికి వెళ్లొస్తానని అడిగి, వెళ్లొచ్చారు.