ఊదా రంగు ఎందుకు రాలేదు? ప్రోటీన్ పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గుడ్డు తెల్లసొన ద్రావణానికి బైయూరెట్ పరీక్ష చేశాను. ఊదా రంగుకు బదులు ముదురు నీలం వచ్చింది, అడుగున నీలి ముద్ద పేరుకుంది. ప్రోటీన్ ఉన్న నమూనాకే ఇలా ఎందుకైంది?

జవాబు: కాపర్ సల్ఫేట్ ఎక్కువ పడింది. క్షార ద్రావణంలో రాగి అయాన్లు పెప్టైడ్ బంధాల్లోని (ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి కలిపే బంధాలు) నైట్రోజన్‌తో ముడిపడితేనే ఊదా రంగు వస్తుంది. ప్రోటీన్‌కు పట్టినంత పోగా మిగిలిన రాగి కాపర్ హైడ్రాక్సైడ్‌గా మారి నీలి ముద్దలా దిగుతుంది. దాని కింద ఊదా రంగు ఉన్నా కనిపించదు.

ఈసారి ఇలా చేయండి. ఒక వంతు తెల్లసొనకు పది వంతుల 0.9 శాతం ఉప్పు నీరు కలిపి, పల్చని గుడ్డలో వడకట్టండి. ఉత్త నీరు పోస్తే కొంత ప్రోటీన్ విరిగి ద్రావణం తెల్లగా మసకబారుతుంది. పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్ల నమూనాకు అంతే 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ చేర్చి బాగా కలపండి. ఆ తర్వాతే 1 శాతం కాపర్ సల్ఫేట్‌ను ఒక్కో చుక్కా వేస్తూ, చుక్క చుక్కకీ కుదపండి. రెండు మూడు చుక్కలు చాలు. వేడి చేయవద్దు: నమూనాలో గ్లూకోజ్ లాంటి చక్కెర ఉంటే రాగిని క్షయకరణం చేసి ఎర్రటి మడ్డి దించుతుంది. ఐదు నిమిషాలు ఆగి చూడండి.

పక్కనే నమూనాకు బదులు నీరు పోసిన నాళిక ఒకటి తప్పకుండా ఉండాలి. రెండింటినీ తెల్ల కాగితం ముందు పట్టుకుంటే లేత ఊదాకూ లేత నీలానికీ తేడా తెలుస్తుంది. ఆ నాళిక లేకుండా చెప్పే ఫలితాన్ని నమ్మలేం.

ఇంకో సంగతి. అమోనియం సల్ఫేట్‌తో అవక్షేపించిన ప్రోటీన్‌ను నేరుగా పరీక్షిస్తే, క్షారం తగలగానే అమోనియా వెలువడి రాగితో కలిసి చిక్కటి నీలం ఇస్తుంది. ముందు డయాలిసిస్ చేసి, అంటే ప్రోటీన్‌ను ఆపి లవణాన్ని మాత్రం పోనిచ్చే పొరలో ఉంచి, ఆ లవణాన్ని తొలగించాల్సిందే.

ప్రశ్న: జెలటిన్ బైయూరెట్‌లో చక్కగా ఊదా రంగు ఇచ్చింది కానీ, జాంథోప్రోటీక్ పరీక్షలో పసుపు దాదాపు రాలేదు. ఏ ఫలితం సరైనది?

జవాబు: రెండూ సరైనవే. బైయూరెట్ గుర్తుపట్టేది పెప్టైడ్ బంధాలను. జాంథోప్రోటీక్‌లో గాఢ నైట్రిక్ ఆమ్లం టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాల బెంజీన్ వలయాన్ని నైట్రేషన్ చేస్తేనే పసుపు వస్తుంది. జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసిన్ చాలా తక్కువ. అందుకే ఒక్క రంగు పరీక్షను పట్టుకుని ‘ప్రోటీన్ లేదు’ అని రాయకూడదు.

పసుపు వచ్చాక నాళికను పూర్తిగా చల్లార్చి, ఆ తర్వాతే సోడియం హైడ్రాక్సైడ్‌ను గోడ వెంట కొద్దికొద్దిగా జారవిడవండి. రంగు నారింజకు తిరగాలి. వేడిగా ఉండగానే పోస్తే ఆమ్లం పైకి చిమ్ముతుంది. ఈ ఆమ్లం చర్మం మీద పడితే వచ్చే పసుపు మచ్చ కూడా ఇదే చర్య, చర్మమూ ప్రోటీనే కదా. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రశ్న: అమైనో ఆమ్లాలను ఊదా రంగుతో పట్టిచ్చే నిన్‌హైడ్రిన్ పరీక్షలో నీళ్ల నాళిక కూడా ఊదా రంగుకు తిరుగుతోంది.

జవాబు: వేళ్ల చెమటలోని అమైనో ఆమ్లాలు చాలు, ఆ రంగు రావడానికి. నాళిక మూతిని వేలితో మూసి కుదపకండి. అమోనియా సీసా అదే బల్ల మీద ఉంటే తీసేయండి. అన్నట్టు, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పసుపు రంగు ఇస్తుంది, దాన్ని నెగటివ్ అనుకోకండి.

ప్రశ్న: ప్రోటీన్ ఎంత ఉందో కొలవడానికి బైయూరెట్ చాలా, బ్రాడ్‌ఫర్డ్ (ప్రోటీన్‌కు అంటుకునే రంగుతో కొలిచే పద్ధతి) కావాలా?

జవాబు: మిల్లీలీటరుకు 1 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య ఉంటే 540 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుందో చూసే బైయూరెట్ చాలు. మైక్రోగ్రాముల్లో ఉంటే బ్రాడ్‌ఫర్డ్ చేయండి: 0.1 మిల్లీలీటరు నమూనాకు 5 మిల్లీలీటర్ల రీఏజెంట్ కలిపి, ఐదు నిమిషాల తర్వాత, గంట దాటకముందే 595 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. క్వార్ట్జ్ క్యువెట్ (రీడింగ్ కోసం ద్రావణం పోసే చిన్న పాత్ర) వాడితే రంగు అంటుకుపోతుంది, ప్లాస్టిక్‌వి మేలు. నమూనాలో ఎస్‌డీఎస్ లాంటి డిటర్జెంట్ ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు. బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) ఈ రంగుతో చాలా ప్రోటీన్ల కంటే గట్టిగా స్పందిస్తుంది. దాన్నే ప్రమాణంగా తీసుకుంటే మీ ప్రోటీన్ ఉన్నదాని కంటే తక్కువగా తేలవచ్చు కాబట్టి, ఏ ప్రమాణంతో కొలిచారో రికార్డులో అంకె పక్కనే రాయండి.