ఆటగత్తె అంటే తప్పా?

సందేహం: హంగరీ హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి గోర్బిత్స్ అనిత గురించి మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తూ ఆమెను ‘గొప్ప ఆటగత్తె’ అన్నాను. ఆ మాట మర్యాదగా లేదు, ‘మహిళా క్రీడాకారిణి’ అని మార్చమన్నారు. ఏది సరి? పేరు అనితా గోర్బిత్స్ అని తిప్పి రాయాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, ముందు ఆ దిద్దుబాటు సంగతి చూద్దాం. ‘క్రీడాకారిణి’ అన్నాక మళ్లీ ‘మహిళా’ ఎందుకు? ఆ ‘ఇణి’లోనే స్త్రీ ఉంది కదా! పేపర్లో, టీవీలో రోజూ ఇదే వరస. ‘మహిళా క్రీడాకారులు’ అనండి, కాదంటే ‘క్రీడాకారిణులు’ అనండి, రెండూ కలిపి ఒకే మాట మీద రుద్దకండి. ఇంకో సంగతి, కుంభకారుడికి స్త్రీలింగం కుంభకారి అయినట్టు క్రీడాకారుడికి క్రీడాకారి కావాలి. ‘కారిణి’ వేరే ప్రత్యయం నుంచి వచ్చింది. అయినా అది జనం నోట స్థిరపడింది, దాన్ని తప్పనను.

ఇక మీ ‘ఆటగత్తె’. పాడు నుంచి పాట వచ్చినట్టే ఆడు నుంచి ఆట వచ్చింది. తెలుగులో ఈ ‘ఆడు’ చేసినంత చాకిరీ చేసిన ధాతువులు కొద్ది. మూలంలో దానికి కదలడం, ఊగడం అనే అర్థం ఉందని నా నమ్మకం. ఊపిరాడటం, తలాడించడం, గానుగాడటం, చలవ మిల్లులో పిండి ఆడించడం, అన్నిట్లోనూ ఆ కదలికే కనిపిస్తుంది. అక్కడి నుంచి నాట్యానికి వచ్చింది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతలో ఆడటమంటే బంతాట కాదు, నాట్యమే. నోటి కదలిక మాటాడటమైంది, ఆడిన మాట తప్పకపోవడమైంది. వేట, పోరు, కొట్లాట దేనితోనైనా చేరిపోయి వేటాడు, పోరాడు, కొట్లాడు అని కొత్త క్రియలు పుట్టించింది. ‘ఆడపిల్ల’లోని ఆడు మాత్రం వేరే మాట అనుకుంటాను.

పాత నిఘంటువుల్లో ఆటకత్తె అంటే నాట్యం చేసే స్త్రీ. ఆటకాడు అన్నా అప్పట్లో నటుడూ నర్తకుడే. ఆటే బతుకుతెరువైన ఆడవాళ్లను సమాజం చిన్నచూపు చూసింది, ఆ చూపు మాటకూ అంటుకుంది. ఆటగాడు మాత్రం హాయిగా క్రికెట్ మైదానంలోకి నడిచి వెళ్లిపోతే ఎవరూ అడ్డుపెట్టలేదు. ఒకే ధాతువుకు పుట్టిన ఇద్దరిలో అబ్బాయికి కొత్త జీవితం దొరికింది, అమ్మాయి గడప దగ్గరే ఆగిపోయింది. నాకు బాధగా ఉండేది ఇక్కడే. పక్కన కన్నడంవాళ్లు ‘ఆటగార్తి’ అని పేపర్లో నిక్షేపంగా రాసుకుంటున్నారు. మనకూ చెలికత్తె, అందగత్తె మర్యాదైన మాటలే కదా, తప్పు ‘కత్తె’లో లేదు.

మీరు ఎంచుకున్న మనిషికి ఈ ‘ఆడు’ ఎంత బాగా అమరుతుందో చూడండి. హ్యాండ్‌బాల్‌ను హంగేరియన్‌లో ‘కేజిలబ్ద’ అంటారు. కేజ్ అంటే చెయ్యి, లబ్ద అంటే బంతి. సమాసంలో మన చెయ్యి ‘చేతి’ అయినట్టే వాళ్ల కేజ్ ‘కేజి’ అవుతుంది. రెండు భాషలకూ చుట్టరికం లేదు గానీ, ‘చేతిబంతి’ అని మనం సులువుగా అనుకోవచ్చు. కోర్టు మధ్యలో నిలబడి ఎవరికి బంతి ఎప్పుడు అందాలో నిర్ణయించే స్థానాన్ని వాళ్లు ‘ఇరాన్యీతో’ అంటారు, దారి చూపించే మనిషి అని. అనిత అసలు స్థానం అదే, చివరి ఏళ్లలో ఎడమ అంచుకు మారింది. ఎదుటి జట్టుకు కాలూ చెయ్యీ ఆడకుండా చేస్తూ తనవాళ్లను ఆడించింది. నన్నడిగితే ఆమె ఆటగత్తె కన్నా ఒక మెట్టు పైన, ఆట ఆడించిన మనిషి.

2003లో జాగ్రెబ్‌లో ప్రపంచ ఫైనల్‌లో హంగరీ ఒక దశలో ఏడు గోల్స్ ముందుండి కూడా అదనపు సమయంలో ఫ్రాన్స్ చేతిలో 29–32తో ఓడింది. అంత టెన్షన్ చూసిన ఆ అమ్మాయే 2005లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అయింది, ఆ ఏడే జట్టుకు ప్రపంచ పోటీల్లో కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం మాత్రం అందలేదు, 2008 బీజింగ్‌లో నాలుగో స్థానంతో ఆగిపోయారు. క్లబ్బుకొస్తే, 2021లో ఆట మానేసేదాకా గ్యోర్ నగరం జట్టును వదల్లేదు. 2013, 2014, 2017, 2018, 2019ల్లో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. మధ్యలో తల్లై మళ్లీ కోర్టులోకి వచ్చి గెలిచినవి చివరి మూడూ.

కాబట్టి వ్యాసంలో ‘ఆటగత్తె’ ఉంచండి అనే నా మనసు చెబుతోంది. పాత అర్థం తెలిసిన పెద్దలు నొచ్చుకుంటారని మీ సంపాదకులు అనుకుంటే ‘క్రీడాకారిణి’ అనడానికీ నాకు అభ్యంతరం లేదు. ‘మహిళా’ మాత్రం కొట్టేయండి.

పేరు తిప్పొద్దు. హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంగ్లీషువాళ్లు తిప్పితే తిప్పుకోనీండి. ‘గోర్బిక్జ్’ అని రాసేవాళ్లను చూశాను, చివర పలికేది ‘త్స్’.