సెలైన్ సంచుల్లో మందులు రోబోలు కలుపుతుంటే ఫార్మ్‌డీ చదువు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఆరేళ్ల ఫార్మసీ కోర్సు అయిన ఫార్మ్‌డీ మూడో సంవత్సరం చదువుతోంది. అమెరికాలోని పెద్ద ఆసుపత్రుల్లో సెలైన్ సంచుల్లోకి మందులు ఎక్కించే పని ఇప్పుడు రోబోలే చేస్తున్నాయని, ఈ చదువుకు ఇక విలువ ఉండదని అక్కడున్న మా బావమరిది అంటున్నారు. ఇప్పుడే మాన్పించి బీటెక్ రోబోటిక్స్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మాన్పించకండి. మీ బావమరిదిగారు చెప్పిన సమాచారం నిజమే. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం 2011 నాటికే రోబోలతో నడిచే ఫార్మసీని ప్రారంభించింది. కెనడా, ఇటలీ, స్పెయిన్ దేశాల్లో తయారైన యంత్రాలు ఈ పని చేస్తున్నాయి. అయితే ఆ యంత్రం ఏ పని తన చేతిలోకి తీసుకుంటుందో, ఏ పని మనిషికే వదిలేస్తుందో చూసిన తరువాతే మీరు నిర్ణయానికి రావాలి.

వడపోసిన గాలి నిరంతరం వీచే గాజు గది లోపల రోబో చేయి మందు సీసాను పట్టుకుని, బార్‌కోడ్ చదివి, కావలసినంత మందును సిరంజిలోకి లాగి సంచిలోకి ఎక్కిస్తుంది. ముందూ తరువాతా తూకం వేస్తుంది. మిల్లీలీటరుకు 1.05 గ్రాముల బరువుండే మందును 10 మిల్లీలీటర్లు ఎక్కిస్తే సంచి బరువు 10.5 గ్రాములు పెరగాలి. అనుమతించిన తేడాను మించితే యంత్రం ఆ సంచిని తిరస్కరిస్తుంది. సిరంజి గీతల దగ్గర అలసిన కన్ను చేసే పొరపాటు ఇలా తూకంలో దొరికిపోతుంది. కీమోథెరపీ మందుల తుంపరలు సిబ్బందికి తగలకుండా ఉండటం మరో పెద్ద మేలు.

యంత్రానికి అసలు కష్టం సంచితోనే వస్తుంది. గాజు సీసా ఎప్పుడూ ఒకే ఆకారంలో నిలబడుతుంది. మెత్తని సంచి మాత్రం లోపలి ద్రవాన్ని బట్టి ఉబ్బుతుంది, వాలుతుంది, ఊగుతుంది. అందుకే మందు ఎక్కించే గొట్టం మెడను పట్టుకారుతో బిగించి, సూది దాని రబ్బరు బిళ్ల మధ్యలోకి నిటారుగా దిగేలా చూడాలి. కాస్త పక్కకు వాలినా సూది గొట్టం గోడను చీల్చి సంచి కారిపోతుంది. పైగా కంపెనీకో తీరుగా ఈ గొట్టాల పొడవు, వాటి మధ్య దూరం మారుతుంటాయి. 2017లో మరియా తుపాను ప్యూర్టోరికోను, 2024లో హెలీన్ తుపాను నార్త్ కరోలినాను దెబ్బతీసి అక్కడ సెలైన్ తయారుచేసే బ్యాక్స్టర్ కంపెనీ కర్మాగారాలు ఆగిపోయినప్పుడు అమెరికా అంతటా సంచుల కొరత వచ్చింది. అటువంటి రోజుల్లో దొరికిన వేరే సంచిని యంత్రానికి పరిచయం చేసి, పరీక్షించి, ఇది వాడవచ్చునని సంతకం చేయవలసింది మందుల పని తెలిసిన మనిషే.

యంత్రం ఏ ద్రవంలో ఏ మందు కలపమంటే అదే కలుపుతుంది. ఫంగస్ జబ్బులకు ఇచ్చే యాంఫోటెరిసిన్ బి మందును డెక్స్ట్రోజ్ (చక్కెర) ద్రవంలో కాకుండా సాధారణ సెలైన్‌లో కలిపితే మందు విరిగి అడుగున చేరుతుందన్నది ఫార్మసిస్ట్ ఎరిగి ఉండి, ఆ ఆదేశం యంత్రం దాకా వెళ్లకుండానే ఆపాలి. పరిశుభ్రత బాధ్యత కూడా మనుషులదే. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక కాంపౌండింగ్ (మందులు కలిపి సిద్ధం చేసే) సంస్థ తయారుచేసిన ఇంజెక్షన్లలో బూజు చేరి 20 రాష్ట్రాల్లో 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా మరణించారు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో కొత్త చట్టం వచ్చింది. క్రిమిరహిత కాంపౌండింగ్‌కు ప్రమాణమైన, అమెరికా మందుల ప్రమాణాల గ్రంథం యూఎస్‌పీలోని 797 అధ్యాయం సవరించిన రూపం 2023 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. రోబో ఉన్నా లేకపోయినా గాలి నమూనాలు తీయడం, మందుకు బదులు సూక్ష్మజీవులు పెరిగే పోషక ద్రవంతో అదే పని చేయించి 14 రోజులు పరిశీలించడం తప్పదు.

కాబట్టి మీ అమ్మాయి చేత్తో చేసే ఈ పనిని ముందు క్షుణ్ణంగా నేర్చుకోవాలి. ఫిల్టరు నుంచి వచ్చే గాలికీ సూది మొనకూ మధ్య చెయ్యి అడ్డు రాకూడదన్న నియమం వేళ్లకు అలవాటైన వారే రోబో కదలికలో లోపాన్ని పట్టగలరు. ఇంటర్న్‌షిప్ కోసం కీమోథెరపీ మందులను వార్డులో నర్సుల చేత కాకుండా ప్రత్యేక గదిలో ఫార్మసీ సిబ్బంది చేత కలిపించే ఆసుపత్రిని ఎంచుకోమనండి. ఆసుపత్రి పేరు ఎంత పెద్దదన్నది నేను రెండో విషయంగానే చూస్తాను. మోతాదు లెక్కలతో పాటు యంత్రాల వాలిడేషన్ (సరిగా పనిచేస్తున్నాయని పరీక్షించి రుజువు చేయడం) ఎలా చేస్తారో, ఆ నివేదికలు ఎలా రాస్తారో కూడా చదవాలి. 2023 ఆగస్టు నుంచి అమలైన యూరప్ మందుల తయారీ నియమావళి (జీఎంపీ)లోని అనెక్స్ 1, ఐసోలేటర్లు అనే మూసి ఉంచిన శుభ్రమైన పెట్టెలు, రోబోల వాడకాన్ని పరిశీలించమని తయారీదారులకు చెబుతోంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజెక్షన్లు తయారుచేసి ఎగుమతి చేసే పరిశ్రమలున్నాయి గనుక, విదేశం వెళ్లకపోయినా ఈ విద్య అక్కరకు వస్తుంది.

ఇక అమెరికా సంగతి. ఇతర దేశాల్లో చదివినవారు అక్కడ ఫార్మసిస్ట్ కావడానికి రాయవలసిన ఎఫ్‌పీజీఈఈ పరీక్షకు, 2003 తరువాత పట్టా పొందినవారికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీకి లేని ఈ అర్హత ఆరేళ్ల ఫార్మ్‌డీకి ఉంది. మధ్యలో మాన్పిస్తే ఆ దారి మూసుకుపోతుంది. స్వదేశంలో రిజిస్ట్రేషన్ కూడా అడుగుతారు కనుక, పట్టా చేతికి రాగానే ఆలస్యం చేయకుండా తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించండి.