68 వేల లోడా, 27 వేల లోడా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తెనాలి. సెకండ్ హ్యాండ్‌లో పది టైర్ల లారీ కొన్నాను, నేనే నడుపుకుంటాను. నెలకు 38 వేలు కిస్తీ. గుంటూరు నుంచి కోల్‌కతాకు మిర్చి లోడు ఉంది, 68 వేలు ఇస్తామంటున్నారు. అదే రోజు చెన్నైకి ఇంకో లోడు, 27 వేలు. 68 వేలు వదులుకోబుద్ధి కావడం లేదు. కానీ పోయిన నెల ఇలాంటి పెద్ద లోడే కొట్టి వచ్చాక చేతిలో ఏమీ మిగల్లేదు. ఎక్కడ పోతున్నాయో అర్థం కావడం లేదు.

జవాబు: తమ్ముడూ, కిరాయి అంకెను కాసేపు పక్కన పెట్టు. లోడెక్కిన రోజు మొదలు, తిరిగొచ్చి బండి ఖాళీ చేసి ఇంకో లోడుకు సిద్ధమయ్యేదాకా ఎన్ని రోజులు పడుతోంది, ఖర్చులు పోను రోజుకు ఎంత మిగులుతోంది, ముందు అది చూడు.

దానికంటే ముందు బండి కదలకపోయినా రోజుకు ఎంత తింటుందో తెలియాలి. నీ కిస్తీ 38 వేలు. ఇన్సూరెన్స్, ఏడాదికి 16,500 నేషనల్ పర్మిట్ ఫీజు, రోడ్ ట్యాక్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పనులు అన్నీ కలిపి ఏడాదికి లక్షా ఇరవై వేలు అనుకుంటే నెలకు పది వేలు. మొత్తం 48 వేలు. నెలలో బండికి పని దొరికేది 24 రోజులు అనుకో, రోజుకు రెండు వేలు. నీ కూలి ఇందులో లేదు. రోజుకు రెండు వేలు దాటాక మిగిలేదే నీది.

ఇప్పుడు కోల్‌కతా. పోనూ రానూ సుమారు 2,500 కిలోమీటర్లు. లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తుందనుకుంటే 625 లీటర్లు, లీటరు 95 చొప్పున 59 వేల పైమాటే. టోల్‌కు 16 వేలు పెట్టు. కమీషన్, మామూళ్లు, తాళ్లూ టార్పాలిన్ పట్టాలూ, తిండి, క్లీనర్ బత్తా కలిపి 9 వేలు. టైర్ల అరుగుదల, ఆయిలు, బ్రేకుల పని కిలోమీటరుకు నాలుగు రూపాయలు వేసుకున్నా ఇంకో పది వేలు. ఈ పది వేలు ఎవరూ లెక్కలో వేయరు, ఎందుకంటే ఆ ట్రిప్పులో జేబులోంచి పోదు, ఆరు నెలల తర్వాత ఒకేసారి నాలుగు టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు పోతుంది. పోయిన నెల నీకు ఏమీ మిగల్లేదని రాశావు కదా, అందులో ఈ పది వేలు వేసి చూడు, మిగలకపోవడమే కాదు, నీ చేతి నుంచే పోయిందని తేలుతుంది.

అంటే ఖర్చు దాదాపు 94 వేలు. రాబడి వెళ్లేటప్పుడు 68 వేలు. రిటర్న్ లోడు 45 వేలకు దొరికిందనుకుంటే 1,13,000. మిగిలేది 19 వేల లోపు. రోజులు చూడు: వెళ్లడానికి మూడు, దించడానికి ఒకటి, రిటర్న్ కోసం ఎదురుచూపు మూడు, వచ్చేదానికి మూడు, ఇక్కడ ఖాళీ చేయడానికి ఒకటి. పదకొండు రోజులకు రోజుకు 1,700. నీ బండే రెండు వేలు తింటోంది. ఆ పదకొండు రోజులూ నువ్వు ఊరికే బండి నడిపిపెట్టినట్టు.

చెన్నై అయితే పోనూ రానూ 840 కిలోమీటర్లు. డీజిల్ 20 వేలు, టోల్ 6 వేలు, పై ఖర్చులు 4 వేలు, టైర్ల పద్దు 3,400. రిటర్న్‌కు 20 వేలు వచ్చినా రాబడి 47 వేలు, మిగిలేది 13 వేల 600 చిల్లర. నాలుగు రోజుల్లో పని అయిపోతుంది, రోజుకు 3,400. నీకు రోజుకు 1,400 మిగిలాయి, రాత్రి ఇంట్లో అన్నం తినే రోజులూ పెరిగాయి.

అలాగని కోల్‌కతాను ఎప్పుడూ వదిలేయమని కాదు. బయలుదేరే ముందే అక్కడి నుంచి 60 వేలకు రిటర్న్ లోడు ఖాయం చేసుకుని, ఎదురుచూపు ఒక్క రోజుతో తేలిపోయిందనుకో, తొమ్మిది రోజులకు రోజుకు 3,700 పడుతుంది, చెన్నై కంటే మేలు. కాబట్టి నువ్వు బ్రోకర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న కిరాయి ఎంతని కాదు, దించే చోట ఎన్ని గంటలు ఆపుతారు, ఆపిన రోజులకు హాల్టింగ్ డబ్బులు ఇస్తారా, అక్కడి నుంచి రిటర్న్ ఎవరు ఇస్తారు అని. అలా రిటర్న్ ఇచ్చే ముగ్గురు నలుగురి ఫోన్ నంబర్లు ముందే దగ్గర పెట్టుకో. కొన్ని ఫ్యాక్టరీల్లో, పోర్టుల్లో లోకల్ బండ్లకే సీరియల్ ప్రకారం లోడు ఇస్తారు, బయటి బండి అయితే నాలుగు రోజులు గేటు దగ్గరే. అది ముందు కనుక్కో.

ఇంకో మాట. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. పట్టా సరిగ్గా కట్టకపోతే వాన తగిలి, తడిసిన టిక్కీలకు కిరాయిలో కోత పడుతుంది. మేలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులు ఇచ్చినప్పుడు మిర్చి బండ్లన్నీ వేరే లోడ్ల మీద పడి రేట్లు దిగుతాయి, ఆ నెల కోసం ముందే చేతిలో కొంత పెట్టుకోవాలి. డీజిల్ విషయంలో, ఆంధ్రాలో కంటే తమిళనాడు, ఒడిశా, కర్ణాటకల్లో లీటరు తక్కువ. బోర్డర్ దాటేదాకా సరిపడా పోసుకో, ఫుల్ ట్యాంకు అవతల కొట్టించు.

ప్రశ్న: మాది తాడిపత్రి. మావారికి పన్నెండు టైర్ల లారీ, బండలు తోలతారు, ఇంటి లెక్కలు నేను చూస్తాను. బ్రోకర్ ప్రతిసారీ ఇంకో మూడు టన్నులు ఎక్కించుకో, టన్నుకు 1,500 ఎక్కువ బాడుగ అంటాడు. కాదంటే మళ్లీ లోడు ఇవ్వడేమోనని మావారికి టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, లెక్కలు మీరు చూస్తున్నారు కాబట్టి మీకే రాస్తున్నా. మూడు టన్నులకు వచ్చేది 4,500. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. అంటే 26 వేలు. ఎక్కువైన బరువు దించేదాకా బండి కదలనివ్వరు, దించే కూలీ కూడా మీదే. ఒక్కసారి పట్టుబడితే ఐదారు ట్రిప్పుల అదనపు బాడుగ అక్కడే పోతుంది. ఏదైనా ప్రమాదం జరిగితే ఓవర్‌లోడు చూపించి ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్‌కు అడ్డం తిరుగుతారు. గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట మూడు టన్నులు ఎక్కువేసుకుని ఎక్కితే క్లచ్చు ఎలా కాలుతుందో మీవారినే అడగండి, ఆయన చెబుతారు. బ్రేకుల సంగతి నేను లెక్కల్లో పెట్టలేను, పెట్టకూడదు కూడా. ఆయన ఇంటికి రావాలి. లోడు ఎక్కాక మొదటి కాటా దగ్గరే తూయించి స్లిప్పు దగ్గర పెట్టుకోమనండి. పాసింగ్ బరువుకే (ఆర్‌సీలో రాసిన బరువుకే) తోలుతానని ఒకసారి గట్టిగా చెప్పి, ఇంకో ఇద్దరు బ్రోకర్లతో పరిచయం పెంచుకోవడం మంచిది. ఒక్కరి మీదే ఆధారపడినంత కాలం ఈ భయం పోదు.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి రాస్తున్నా. లోడు దించి మూడు నెలలైంది, 12 వేలు బ్యాలెన్స్ ఇస్తలేరు. ఇలాంటి పార్టీలను ముందే ఎట్ల కనిపెట్టాలె?

జవాబు: అడ్వాన్స్ చూస్తే సగం తెలిసిపోతుంది. కిరాయిలో 80, 90 శాతం లోడింగ్ అయ్యేటప్పుడే ఇచ్చేవాళ్లు ఉన్నారు. సగమే ఇచ్చి మిగతాది దించాక అనేవాళ్ల దగ్గర, ఆ సగం రాదనుకునే లెక్క వేసుకోండి. అప్పటికీ గిట్టుబాటైతేనే ఎత్తండి. దించిన చోట ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద సంతకం, స్టాంపు, తేదీ, టైము వేయించుకుని అక్కడే ఫొటో తీసి పంపండి. పేపర్ అందలేదనే సాకు అప్పుడు చెల్లదు. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు, బండి చెడిపోయి ఆలస్యమైతే గడువుకు ముందు ఎనిమిది గంటలు, తర్వాత ఎనిమిది గంటల లోపే పొడిగించాలి. అది పార్టీకి వెంటనే ఫోన్ చేసి చేయించండి, లేకపోతే జరిమానా మీ బ్యాలెన్స్‌లోంచే కోస్తారు. టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పేరుతో కోస్తే, పది లారీలకు మించి లేని ఓనరు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కోయక్కర్లేదని చూపించండి. ఇక మీ 12 వేల కోసం, ఎల్‌ఆర్ కాపీ జతచేసి ఎంత రావాలో, ఏ తేదీకి ఇవ్వాలో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, మీ లారీ ఓనర్ల సంఘం వాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లండి. పైసలు చేతికి వచ్చేదాకా ఆ ఆఫీసుకు ఇంకో లోడు కొట్టొద్దు, ఎంత మంచి కిరాయి చూపించినా సరే.