అద్దకం నీళ్ళకు నానో పొడి: నేను ఎండలో పెట్టి చూసింది

జింక్ ఆక్సైడ్ నానో పొడి కలిపి ఎండలో ఉంచితే నూలు అద్దిన నీళ్ళు బోదెలోకి వదిలేయొచ్చా అని అడిగారు. వద్దండి, వదలకండి. మాది అమలాపురం దగ్గర బండారులంక, మా మావయ్యగారిది అద్దకం పని. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా సరిగ్గా దీని మీదే.

ల్యాబ్‌లో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగుని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, లీటరుకి గ్రాము టైటానియం డయాక్సైడ్ వేశాం. జింక్ ఆక్సైడ్ లాగే ఎండలో పనిచేసే ఇంకో నానో పొడి ఇది. ముందు అరగంట చీకట్లో తిప్పాలి. రంగు పొడికి అంటుకోవడం వేరు, విరిగిపోవడం వేరు. తర్వాత ఎండలో పెడితే రెండు గంటలకి నీలం పోయింది. ఆ ఉత్సాహంతో మావయ్యగారి తొట్టిలోంచి బకెట్టుడు ఎర్ర నీళ్ళు తెచ్చి అలాగే చేశాను. పొద్దు గూకేదాకా కూర్చున్నా పాలలో కుంకుమ కలిపినట్టు అలాగే ఉండిపోయింది.

రియాక్టివ్ రంగు (నూలు పోగుతో రసాయన బంధం కట్టే రకం) పట్టాలని మనం ఉప్పు, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వేస్తాం కదా, చిక్కంతా అక్కడే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే పొడి మీద హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన కణాలు పుడతాయి, రంగుని విరగ్గొట్టేవి అవే. సోడాలోని కార్బొనేట్ వాటిని మధ్యలోనే మింగేస్తుంది. పైగా క్షారపు నీళ్ళలో పొడికీ రుణావేశమే, రంగుకీ రుణావేశమే, రెండూ దగ్గరికి చేరవు. పలచని ఆమ్లం చుక్కచుక్కగా పోసి పీహెచ్ 5కి దించాను. నురగ బుసబుసా పొంగింది, కార్బొనేట్ పోతోందన్నమాట. పదిరెట్లు పలచన చేసి, వెడల్పాటి ట్రేలో రెండంగుళాల లోతున పోస్తే అప్పుడు విరిగింది. లోతు పెంచితే లాభం లేదు. ఈ పొడికి పనికొచ్చేది 387 నానోమీటర్ల లోపు తరంగదైర్ఘ్యమున్న వెలుగు, అది మన ఎండలో నూటికి నాలుగైదు పాళ్ళే.

జింక్ ఆక్సైడ్ ఇక్కడే కుదరదు. ఆమ్లంలోనూ కరుగుతుంది, గాఢ క్షారంలోనూ కరుగుతుంది. కరిగిన జింకు చేపలకు విషం. మన బోదె వెళ్ళి డ్రైన్‌లో కలుస్తుంది, ఆ డ్రైన్ నీళ్ళే ఎవరో ఒకరు రొయ్యల చెరువుకి తోడుకుంటారు.

పొడిని తిరిగి తీయడం అన్నిటికన్నా పెద్ద తంటా. రేణువు పాతిక నానోమీటర్లు కూడా ఉండదు, నాలుగు మడతల పంచెలోంచి కూడా దిగిపోయింది. చివరికి గరుకు గాజు పలకల మీద ముద్దలా పూసి, 450 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాం. వేగం తగ్గింది, కానీ పొడి నీళ్ళలోకి పోలేదు.

ఇంకోటి. రంగు పోయిందంటే శుభ్రమైనట్టు కాదు. ముందు తెగేది రంగునిచ్చే బంధం, మిగతా ముక్కలు నీళ్ళలోనే ఉంటాయి. తేటగా కనబడ్డ మా నీళ్ళకి సీఓడీ పరీక్ష (నీళ్ళలో రసాయన మలినం ఎంతుందో చెప్పేది) చేయిస్తే సగానికి కూడా దిగలేదు. ఉప్పయితే రవ్వంత తగ్గదు.

మీరు చేయగలిగింది చెబుతాను. మొదటి తొట్టి నీళ్ళనీ, జాడించిన నీళ్ళనీ కలపకండి. మొదటివి మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచిన మడిలో ఎండగట్టండి. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే నీరు, పట్టా లేకపోతే ఇంకిపోయి బావిలోకి వస్తుంది. పూత పలకలు జాడించిన నీళ్ళకే వాడండి. పొడి డబ్బా మాస్కు లేకుండా తెరవకండి.

రోజుకి ఎన్ని నూలు చిలపలు అద్దుతున్నారో, ఏయే రంగులు వాడుతున్నారో రాయండి. ట్రే ఎంత వెడల్పు కావాలో లెక్క వేసి చెబుతాను.